లోహం మీద కనపడని లేజర్: గాగుల్స్ తీయకండి

అతినీలలోహిత లేజర్ దగ్గర పనిచేసే ప్రతి విద్యార్థికీ, ప్రతి ల్యాబ్ అసిస్టెంటుకూ, లోహం మీద అక్షరాలు చెక్కే ప్రతి షాపు కుర్రాడికీ ముందుగా చెప్పాల్సింది ఇది. కిరణం కనపడలేదని గాగుల్స్ తీయకండి. లోహం మీద అది ఎక్కడ పడుతోందో వెతకడానికి తల వంచకండి. మిగతా వివరం తీరిగ్గా చదువుకోవచ్చు, ఈ రెండు మాటలు మాత్రం ఇప్పుడే తోటివాళ్ళకు చెప్పండి.

చిక్కబళ్ళాపురం జిల్లా పాఠకులకు దీన్ని ప్రత్యేకంగా చెప్పడానికి కారణముంది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, ల్యాబ్‌లో ఇంగ్లీషు మాట్లాడుతూ పెరిగే పిల్లలు మనవాళ్ళు. గౌరీబిదనూరు తాలూకా హోసూరులో 1920లో పుట్టిన హెచ్. నరసింహయ్య గారు ఫిజిక్సు చదివి, అమెరికాలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో డాక్టరేటు చేసి తిరిగొచ్చారు. గౌరీబిదనూరులోనూ బాగేపల్లిలోనూ నేషనల్ కాలేజీలు నిలబడ్డాయంటే అది ఆయన చలవే. చిక్కబళ్ళాపురంలో ఎస్‌జేసీ ఇంజనీరింగ్ కాలేజీ 1986 నుంచి నడుస్తోంది. విశ్వేశ్వరయ్య గారి సొంతూరు ముద్దేనహళ్ళిలో వీటీయూ క్యాంపస్ ఉంది. ఇక్కడ బీఎస్సీ, బీఈ ముగించినవాళ్ళు జాతీయ రహదారి 44 పట్టుకుని ఇటు బెంగళూరు ఐఐఎస్సీకో రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌కో, అటు హైదరాబాద్ యూనివర్సిటీకో వెళ్తున్నారు. చేరిన కొద్ది నెలల్లోనే వాళ్ళ చేతికి క్లాస్ 4 లేజర్, అంటే అన్నింటికన్నా ప్రమాదకరమైన వర్గానిది, రావచ్చు. అప్పటిదాకా వాళ్ళు చూసిన లేజరల్లా డిగ్రీ ప్రాక్టికల్స్‌లోని ఎర్రటి హీలియం-నియాన్ గొట్టమో, చిన్న డయోడ్ పాయింటరో. దాని చుక్క కంటికి కనపడుతుంది, బలం ఒకటి రెండు మిల్లీవాట్లు. ఆ అలవాటుతోనే అతినీలలోహితం ముందు కూర్చోవడం ప్రమాదం.

లోహం మీద లేజర్ అంటే ఎక్కడో పెద్ద ల్యాబ్ సంగతి అనుకోవద్దు. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ బంగారు నగల మీద ఆరు అక్షరాంకెల గుర్తింపు, హెచ్‌యూఐడీ, తప్పనిసరి అయింది. మీ మెడలో గొలుసు మీద ఆ సన్నటి అక్షరాలు చెక్కేది లేజరే. అది చాలావరకు 1064 నానోమీటర్ల చుట్టుపక్కల పనిచేసే ఫైబర్ లేజర్. ప్లాస్టిక్కు, గాజు, సన్నటి పూతల మీద ఇంకా నాజూకుగా రాయడానికి 355 నానోమీటర్ల అతినీలలోహిత యంత్రాలు వచ్చాయి. వాటిని ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఎవరైనా కొనుక్కోవచ్చు. అందుకే ఈ హెచ్చరిక పరిశోధకులతో ఆగదు.

ల్యాబ్‌లో జరిగేది ఇలా ఉంటుంది. నల్లటి ఆప్టికల్ టేబుల్ మీద అద్దాలు, లెన్సులు, వాటిని పట్టుకునే స్టీలు కడ్డీలు, చివర నమూనాగా ఒక అల్యూమినియం లేదా రాగి పలక. లేజర్ ఆన్‌లో ఉంది, మీటరు పవర్ చూపిస్తోంది, పలక మీద మాత్రం ఏమీ లేదు. జూనియర్ అడుగుతాడు: "అన్నా, బీమ్ ఎక్కడుందో కనపడట్లేదు." సీనియర్ జవాబు: "గాగుల్స్ తీసి, విజిటింగ్ కార్డు పెట్టి చూడప్పా, నీలంగా వెలుగుతుంది." కార్డు నిజంగానే వెలుగుతుంది. అందుకే ఆ సలహా ఒక బ్యాచ్ నుంచి ఇంకో బ్యాచ్‌కు నడుస్తూ ఉంటుంది. ఆ సలహాలో సగం నిజం ఉంది. మిగిలిన సగం కళ్ళు తీస్తుంది.

మన కంటికి కనపడేది సుమారు 400 నుంచి 700 నానోమీటర్ల వరకు. అంతకన్నా తక్కువ తరంగదైర్ఘ్యం ఉన్న వెలుగు అతినీలలోహితం. అది ఉందని మొదట పట్టుకున్నది 1801లో జర్మనీకి చెందిన రిట్టర్. పట్టకం విడదీసిన రంగుల్లో ఊదా అవతల, ఏమీ కనపడని చోట, సిల్వర్ క్లోరైడు త్వరగా నల్లబడటం చూశాడు. దాన్ని కంటికి కనపడేలా చేసే మార్గాన్ని 1852లో స్టోక్స్ వివరించాడు. క్వినైన్ ద్రావణం కనపడని కిరణాన్ని మింగి, నీలం రంగు వెలుగుగా బయటికి వదులుతుంది. దానికి ఆయన పెట్టిన పేరే ఫ్లోరసెన్స్. విజిటింగ్ కార్డు వెలిగేది కూడా అందుకే. తెల్లకాగితం ఇంకా తెల్లగా కనపడాలని కలిపే రసాయనం, బట్టలకు పెట్టే టినోపాల్ జాతికి చెందినది, అతినీలలోహితాన్ని తీసుకుని నీలాన్ని ఇస్తుంది.

లోహానికి ఆ గుణం లేదు. దాని మీద పడ్డ అతినీలలోహితంలో కొంత లోపలే వేడిగా మారుతుంది, మిగిలింది తిరిగి ఎగురుతుంది. ఎంత ఎగురుతుందనేది లోహాన్ని బట్టి ఉంటుంది. శుభ్రమైన అల్యూమినియం సుమారు 90 శాతాన్ని వెనక్కి పంపుతుంది. బంగారం, రాగి ఎర్రటి వెలుగుకు మంచి అద్దాలే గానీ, అతినీలలోహితాన్ని అందులో సగం కూడా తిప్పికొట్టవు. అంటే కంటికి మెరిసినంత మాత్రాన ఏ లోహం ఎంత తిప్పికొడుతుందో చెప్పలేం. పలక మీద కిరణం కనపడట్లేదని మీరు వెతుకుతున్న ఆ క్షణంలోనే, అది పలకను తాకి ఇంకో దిక్కుకు వెళ్ళిపోతోంది. ఆ దిక్కున మీ ముఖం ఉండొచ్చు.

ఇక కడ్డీల సంగతి. చదునైన పలక కిరణాన్ని ఒకే దిక్కుకు పంపుతుంది. గుండ్రటి స్టీలు కడ్డీ దాన్ని టేబుల్‌కు సమాంతరంగా విసనకర్ర ఆకారంలో పరుస్తుంది. చాలా ల్యాబుల్లో కిరణం టేబుల్ కన్నా జానెడు ఎత్తులో నడుస్తుంది. స్టూలు మీద కూర్చుంటే సరిగ్గా కళ్ళ ఎత్తు. స్క్రూడ్రైవరు కొస, అలెన్ కీ, వేలి ఉంగరం, వాచీ, మెడలోంచి వేలాడే ఐడీ కార్డు క్లిప్పు, ఇవన్నీ క్షణానికో దిక్కుకు కిరణాన్ని తిప్పే అద్దాలే. మన ఇళ్ళల్లో ఆడపిల్లలు గాజులు తీయడానికి ఇష్టపడరు, పెద్దవాళ్ళు ఒప్పుకోరు. అమ్మా, ఆ గదిలో ఉన్న గంట సేపు మాత్రం తీసి పర్సులో పెట్టుకోండి.

ఎంత ప్రమాదమో అంకెల్లో చూద్దాం. ఒక పల్సుకు 10 మిల్లీజౌళ్ళు ఇచ్చే 355 నానోమీటర్ల లేజర్ ఉందనుకుందాం. పరిశోధన ల్యాబుల్లో ఇది పెద్ద యంత్రమేమీ కాదు. కిరణం అడ్డంగా 3 మిల్లీమీటర్లు, పల్సు నిడివి 5 నానోసెకన్లు. అల్యూమినియం మీద తగిలి 9 మిల్లీజౌళ్ళు తిరిగొస్తే, చదరపు సెంటీమీటరుకు సుమారు 127 మిల్లీజౌళ్ళు. అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం కంటికి ఒక్క పల్సులో అనుమతించేది అదే చదరపు సెంటీమీటరుకు దాదాపు 5 మిల్లీజౌళ్ళు. ఇరవై రెట్లకు పైగా దాటిపోయాం, అదీ ఒకే ఒక్క పల్సులో. పూత లేని గాజు ముఖం 4 శాతమే వెనక్కి పంపుతుంది. ఆ 4 శాతం కూడా హద్దును దాటుతుంది.

266 నానోమీటర్ల దగ్గర ఇంకో చిక్కుంది. ఆ తరంగదైర్ఘ్యంలో హద్దు రోజు మొత్తానికి లెక్క. చదరపు సెంటీమీటరుకు 3 మిల్లీజౌళ్ళు, పొద్దున పడ్డదీ సాయంత్రం పడ్డదీ కలిపి. అదే 10 మిల్లీజౌళ్ళు సెకనుకు పది పల్సుల చొప్పున ఒక గరుకు ముఖం మీద పడి అన్ని వైపులకూ చెదిరిందనుకోండి. పడ్డదంతా చెదిరితే, అర మీటరు దూరంలో ఉన్న కంటికి ఆ రోజు కోటా సుమారు నాలుగు నిమిషాల్లో నిండిపోతుంది. పదో వంతే చెదిరినా నలభై నిమిషాలు చాలు. అలైన్‌మెంట్ పనికి కూర్చున్న విద్యార్థి నలభై నిమిషాల్లో లేస్తాడా? నేరుగా కిరణం తగలకపోయినా కన్ను కాలేది ఇలాగే.

ఆ కాలడం అప్పుడే తెలియదు. చాలామందికి అర్థం కానిది ఇదే. కనపడే లేజర్ కంట్లో పడితే రెప్ప దానంతటదే మూసుకుంటుంది. కనపడని కిరణానికి రెప్ప కదలదు. సుమారు 300 నానోమీటర్ల లోపు కిరణాలను కంటి ముందు పొర, అంటే కార్నియా, తనలోనే పట్టేసుకుంటుంది. అంతకన్నా ఎక్కువ తరంగదైర్ఘ్యం ఉన్నవి ఆ పొరను దాటి లోపలి కటకంలో ఆగుతాయి. కార్నియా పైపొర దెబ్బతింటే ఆరు నుంచి పన్నెండు గంటల తర్వాత నొప్పి మొదలవుతుంది. మధ్యాహ్నం ల్యాబ్‌లో తగిలింది, అర్ధరాత్రి హాస్టల్ గదిలో లేపుతుంది. కంట్లో ఇసుక పోసినట్టు గరగర, ధారగా నీళ్ళు, దీపం వైపు చూడలేకపోవడం. చింతామణి, బాగేపల్లి రోడ్ల పక్కన గేట్లు, గ్రిల్లులు చేసే షెడ్లలో పనిచేసినవాళ్ళకు ఇది కొత్త కాదు. ముసుగు లేకుండా ఆర్క్ వెల్డింగ్ చూసిన రాత్రి పడే బాధ ఇదే. అక్కడ వెల్డింగ్ ఆర్కు, ఇక్కడ లేజరు. కాలేది ఒకే పొర. వెల్డింగ్ కాలుడు సాధారణంగా రెండు మూడు రోజుల్లో మానుతుంది. లేజర్ పల్సు నేరుగా పడితే మచ్చ మిగలొచ్చు. కటకానికి తగిలిన దెబ్బ కొద్దికొద్దిగా కూడి, ఏళ్ళ తర్వాత శుక్లంగా బయటపడొచ్చు. అప్పుడు దానికి కారణం ఫలానా ల్యాబ్ అని ఎవరూ గుర్తుపట్టరు.

2023 నవంబరులో హాంకాంగ్‌లో ఒక పెద్ద వేడుకకు వెళ్ళినవాళ్ళు కొందరు మర్నాడు కళ్ళు తెరవలేకపోయారు. అక్కడ పెట్టిన అతినీలలోహిత దీపాలే కారణం అయి ఉండొచ్చని నిర్వాహకులే తర్వాత ప్రకటించారు. అవి లేజర్లు కావు, ఉత్త దీపాలు. నొప్పి తెలిసింది ఇంటికి వెళ్ళాకే.

ఇప్పుడు కార్డు సంగతికి వద్దాం. కార్డు మీది నీలపు చుక్క కిరణం కాదు, కిరణం పడ్డచోట రసాయనం ఇచ్చిన జవాబు. కిరణం బలం పదింతలు పెరిగినా ఆ చుక్క పదింతలు ప్రకాశించదు. ఒక హద్దు దాటాక వెలుగు పెరగడం మానేస్తుంది, ఆపై రసాయనమే మాడి చుక్క మసకబారుతుంది. మసకబారితే కిరణం తగ్గిందనుకుని విద్యార్థి ఇంకా దగ్గరికి వంగుతాడు. చుక్క లేతగా, చల్లగా కనపడుతుంది. ఆ చల్లదనాన్ని నమ్మి వేలు అడ్డం పెట్టినవాళ్ళకు చర్మం కాలింది. విజిటింగ్ కార్డు నున్నటి పూతతో ఉంటే అది కూడా కొంత కిరణాన్ని అద్దం పద్ధతిలోనే తిప్పుతుంది.

355, 266 నానోమీటర్ల కిరణాలు చాలా ల్యాబుల్లో నియోడిమియం-యాగ్ లేజర్ నుంచి వస్తాయి. దాని అసలు కిరణం 1064. స్ఫటికాల గుండా పంపి దాన్ని సగం చేస్తే 532 ఆకుపచ్చ, మూడో వంతు 355, నాలుగో వంతు 266. మార్పు ఎన్నడూ పూర్తిగా జరగదు. మిగిలిపోయిన ఆకుపచ్చ, మిగిలిపోయిన 1064 అదే దారిలో వస్తూ ఉంటాయి. విద్యార్థి ఆ ఆకుపచ్చను చూసి, అతినీలలోహితం కూడా అక్కడే ఉందనుకుంటాడు. ఒక పట్టకమో లెన్సో దాటాక రెండూ వేరే దారులు పడతాయి. ఆకుపచ్చ పలక మీద పడుతూ ఉంటుంది, అతినీలలోహితం పక్కనున్న కడ్డీని తాకుతూ ఉంటుంది. ఇక 1064 కంటికి కనపడదు, కార్నియాలో ఆగదు. సూటిగా రెటీనా మీద కేంద్రీకరించుకుని రంధ్రం చేస్తుంది. రెటీనాకు నొప్పి తెలియదు, చూపులో ఒక నల్లమచ్చ మాత్రం మిగులుతుంది.

2004 జూలైలో అమెరికాలోని లాస్ అలమోస్ జాతీయ ప్రయోగశాలలో జరిగింది ఇలాంటిదే. వేసవి పనికి వచ్చిన ఒక డిగ్రీ విద్యార్థిని నియోడిమియం-యాగ్ లేజర్ ఉన్న పరికరంలోకి తొంగి చూసింది. లేజర్ కిరణం బయటికి రావట్లేదని అక్కడున్నవాళ్ళ నమ్మకం. ఆమెకూ, పక్కనున్న శాస్త్రవేత్తకూ గాగుల్స్ లేవు. రెటీనా దెబ్బతింది. ఆ ప్రమాదం, అదే సమయంలో బయటపడ్డ భద్రతా లోపాలు కలిసి ఆ మహా ప్రయోగశాలలో పనినే ఆపించాయి. ప్రపంచంలో అత్యంత అనుభవం ఉన్న సంస్థల్లో ఒకటి అది. అక్కడ జరిగింది మన దగ్గర జరగదని ఎవరు హామీ ఇస్తారు?

"గాగుల్స్ పెట్టుకుంటే ఏమీ కనపడదు కదా సార్" అన్నది నిజమైన ఫిర్యాదు, దాన్ని కొట్టిపారేయకూడదు. అతినీలలోహితాన్ని మాత్రమే ఆపే గాగుల్స్ సాధారణంగా దాదాపు రంగు లేకుండా ఉంటాయి. కార్డు మీది నీలం వాటిలోంచి హాయిగా కనపడుతుంది. తీయాల్సిన పనే లేదు. చిక్కు వచ్చేది ఆకుపచ్చను కూడా ఆపే నారింజరంగు గాగుల్స్‌తో. అవి సుమారు 190 నుంచి 540 వరకు అన్నింటినీ ఆపుతాయి, కార్డు ఇచ్చే నీలాన్ని కూడా. అక్కడే విద్యార్థి విసిగి గాగుల్స్ నుదుటి మీదికి నెడతాడు. దానికి పరిష్కారం గాగుల్స్‌లో లేదు, కార్డులో ఉంది. ఎరుపు లేదా నారింజ వెలుగు ఇచ్చే ఫాస్ఫర్ కార్డు వాడాలి. యూరోపియం కలిసిన ఫాస్ఫర్ 610 నానోమీటర్ల దగ్గర ఎర్రగా వెలుగుతుంది, నారింజ గాగుల్స్‌లోంచి స్పష్టంగా కనపడుతుంది. ఒక కన్ను ఖరీదు ముందు ఆ కార్డు ఖరీదు లెక్కలోకి రాదు. కొనిపెట్టాల్సింది విద్యార్థి కాదు, డిపార్ట్‌మెంటు.

గాగుల్స్ కొనేటప్పుడు రంగు చూసి కొనకండి. అద్దం మీద ఏ తరంగదైర్ఘ్యాల మధ్య ఎంత ఓడీ (ఆప్టికల్ డెన్సిటీ) ఇస్తుందో అచ్చయి ఉండాలి. ఓడీ 6 అంటే పది లక్షల్లో ఒక వంతే లోపలికి వస్తుంది. ఆ అంకెలు లేని నాలుగు వందల రూపాయల ఆకుపచ్చ ప్లాస్టిక్ అద్దాలు మిమ్మల్ని కాపాడవు. చదువుకునే కళ్ళజోడు అసలే కాపాడదు. మామూలు గాజు 355ను చాలావరకు వదిలేస్తుంది. ఇంకో మాట, ఏ గాగుల్స్ అయినా చెదిరొచ్చే కిరణం కోసమే. నేరుగా లేజర్‌లోకి చూడటానికి తయారైన గాగుల్స్ లోకంలో లేవు.

మరి లోహం మీద కిరణం ఎక్కడుందో తెలుసుకోవడం ఎలా? లోహం మీద వెతకడం మానేయడమే మొదటి మెట్టు. పలకను తీసి, దాని మందం ఉన్న ఫ్లోరసెంట్ సిరామిక్ ముక్కనో, నున్నటి పూత లేని ఫాస్ఫర్ కార్డునో అదే పట్టులో బిగించండి. చేత్తో పట్టుకోకండి. లేజర్ బలాన్ని వీలైనంత తగ్గించండి, పల్సుల వేగం తగ్గించండి. చుక్క పడ్డచోట కెమెరా పెట్టి, దాని స్థానాన్ని స్క్రీన్ మీద గుర్తు పెట్టుకోండి. షట్టర్ మూసి, సిరామిక్ తీసి, పలక బిగించి, అప్పుడు మళ్ళీ తెరవండి. పలక కొంచెం కిందికి వాలి ఉండాలి, తిరిగొచ్చే కిరణం టేబుల్ వైపు దిగి, కిరణాన్ని మింగేసే ఒక డంపులో ఆగాలి. ఇంకా మంచి పద్ధతి ఉంది. ఒక మిల్లీవాటు లోపు ఎర్ర డయోడ్ లేజర్‌ను ముందుగా రెండు ఐరిస్ రంధ్రాల గుండా పంపి దారి ఖాయం చేసుకోవాలి, తర్వాత అతినీలలోహితాన్ని ఆ రెండు రంధ్రాల గుండానే తీసుకురావాలి. లెన్సులు ఉన్నచోట ఎరుపూ అతినీలలోహితమూ ఒకే బిందువులో కేంద్రీకరించవు, ఆ తేడా మనసులో ఉంచుకోండి. దీనికి రెండు గంటలు ఎక్కువ పడుతుంది. పట్టనీయండి.

చేయకూడనివి కొన్ని మన ఊళ్ళల్లో తేలిగ్గా జరుగుతాయి, అందుకే విడిగా చెప్పాలి. పలక మీద హైలైటర్ పెన్నుతో గీసి వెలిగించడం చాలామందికి తెలిసిన చిట్కా. బలమైన పల్సుకు ఆ సిరా ఆవిరై లెన్సు మీద పేరుకుంటుంది, లెన్సు అక్కడే పగులుతుంది, ఆవిరి ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. పాత ట్యూబులైటు పగలగొట్టి అందులోని తెల్లపొడి రాయడం ఇంకా ఘోరం. ఆ పొడి నిజంగా ఫాస్ఫరే, పాదరసపు ఆవిరి ఇచ్చే 254 నానోమీటర్ల కిరణాన్ని తెల్లటి వెలుగుగా మార్చేది అదే. దాంతో పాటు పాదరసం కూడా మీ చేతికి అంటుతుంది. మొబైల్ కెమెరాను నమ్మడం మూడోది. టీవీ రిమోటు వెలుగు ఫోన్ కెమెరాలో కనపడుతుందని ఎనిమిదో తరగతి పిల్లవాడికి కూడా తెలుసు. అది పరారుణం. ఫోన్ లెన్సులు అతినీలలోహితాన్ని చాలావరకు ఆపేస్తాయి. ఫోన్‌లో కనపడలేదు కాబట్టి కిరణం లేదనుకుంటే పొరపాటు. జింకు పూత, కాడ్మియం పూత ఉన్న బోల్టులు, రేకులను గాలి లాగే ఫ్యాను లేకుండా లేజర్ కింద పెట్టకండి, ఆ పొగ విషం.

షాపు యజమానులకు. యంత్రానికి మూత ఉండి, మూత తెరవగానే లేజర్ ఆగిపోయే ఏర్పాటు ఉంటే దాన్ని పనిచేయనివ్వండి. వేగంగా పని కావాలని ఆ స్విచ్చి మీద టేపు అంటించడం నేరంతో సమానం. స్టీలు బాటిల్ మీద పేరు రాయించుకోవడానికి వచ్చిన పిల్లలు సరదాగా దగ్గరికి వచ్చి తొంగి చూస్తారు. పెద్దవాళ్ళ కటకం ఆపే అతినీలలోహితంలో కొంత పసిపిల్లల కంట్లో రెటీనా దాకా వెళ్తుంది. శుక్లం ఆపరేషనులో కటకం తీయించుకుని, మారు కటకం లేనివాళ్ళకు కూడా అంతే. వాళ్ళను ఆ బల్ల దగ్గరికి రానివ్వకండి.

ఇంత చేసినా దెబ్బ తగిలితే మొదటి గంటల్లో ఏం చేస్తామన్నది ముఖ్యం. కాంటాక్ట్ లెన్సులుంటే తీయండి, కళ్ళు నలపకండి. మన ఇళ్ళల్లో కళ్ళమంటకు నందివర్ధనం పూలు, ఆముదం చుక్క, తల్లిపాలు పెట్టడం తరతరాల అలవాటు. ప్రేమతో చేసేదే. కాలిన కార్నియా మీద మాత్రం అవి ఇన్‌ఫెక్షన్‌కు దారి. అంతకన్నా పెద్ద ప్రమాదం మందుల షాపులో ఉంది. వెల్డింగ్ చేసేవాళ్ళకు నొప్పి తెలియకుండా చేసే మత్తు చుక్కలు కొన్నిచోట్ల చీటీ లేకుండానే ఇచ్చేస్తున్నారు. ఒక చుక్కతో నిమిషంలో నొప్పి పోతుంది, అందుకే మళ్ళీ మళ్ళీ వేసుకుంటారు. ఆ మందు పొర మానకుండా ఆపుతుంది, కార్నియా కరిగిపోయే దాకా తెస్తుంది. మందుల షాపు అన్నలకు వేడుకోలు: ఆ చుక్కలు డాక్టరు చీటీ లేకుండా ఎవరికీ ఇవ్వకండి. స్టెరాయిడు చుక్కలు కూడా అంతే.

చిక్కబళ్ళాపురం జిల్లా ఆసుపత్రికి వెళ్ళండి, అవసరమైతే వాళ్ళే బెంగళూరు మింటో కంటి ఆసుపత్రికి పంపుతారు. వెళ్ళేటప్పుడు లేజర్ తరంగదైర్ఘ్యం, పవర్, ఎప్పుడు తగిలింది, గాగుల్స్ ఉన్నాయా లేవా, ఒక కాగితం మీద రాసి తీసుకెళ్ళండి. నొప్పి లేకుండా చూపులో హఠాత్తుగా మచ్చ వస్తే అది రెటీనా దెబ్బ కావచ్చు, తెల్లారేదాకా ఆగకండి. గైడు కోప్పడతాడని, ల్యాబ్‌కు చెడ్డపేరు వస్తుందని దాచుకోవద్దు. గైడ్లు కూడా ఒక సంగతి గుర్తుంచుకోవాలి. విద్యార్థి దాచాడంటే, చెబితే ఏమవుతుందో అన్న భయం మనం పెట్టినదే.

దీన్ని ఎవరు పట్టించుకోవాలి? ఎక్స్‌రే యంత్రం పెట్టాలంటే అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి కావాలి. ఆ మండలి పరిధి అయనీకరణ వికిరణం వరకే, లేజర్ అందులోకి రాదు. లేజర్ ఉత్పత్తుల భద్రతకు ఐఎస్ 14624 అనే భారతీయ ప్రమాణం ఉంది, క్లాస్ 1 నుంచి క్లాస్ 4 దాకా వర్గాలున్నాయి, యంత్రం మీద లేబుల్ ఉండాలి. అయితే మీ కాలేజీ ల్యాబ్ తలుపు తట్టి, ఈ కడ్డీకి నల్లటి కవరు ఎందుకు లేదని అడిగే అధికారి రాడు. ఆ ప్రశ్న ప్రిన్సిపాలే అడగాలి, హెచ్‌ఓడీయే అడగాలి. క్లాస్ 4 యంత్రం ఉన్న ప్రతి సంస్థలో లేజర్ భద్రతకు బాధ్యుడైన ఒక మనిషి పేరు గోడ మీద రాసి ఉండాలి. లేజర్ ఆర్డరు పెట్టిన రోజే అదే చీటీలో గాగుల్స్, ఫాస్ఫర్ కార్డులు, డంపులు కూడా ఉండాలి. యంత్రం ముందొచ్చి గాగుల్స్ వచ్చే ఏడాది బడ్జెట్‌లో అనడం ఇక చాలు.

నరసింహయ్య గారు బెంగళూరు విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్‌గా ఉన్నప్పుడు, 1976లో, మహిమలను శాస్త్రీయంగా పరీక్షించడానికి కమిటీ వేసినవారు. ఎంత పెద్దవాళ్ళు చెప్పినా రుజువు అడగమన్నది ఆయన పద్ధతి. ఆయన కాలేజీల నుంచి వచ్చిన పిల్లలకు ఆ హక్కు ఉంది. సీనియర్ గాగుల్స్ తీయమంటే ఎందుకని అడగండి. ఈ అద్దం ఏ తరంగదైర్ఘ్యానిదని అడగండి. తిరిగొచ్చే కిరణం ఎక్కడ ఆగుతోందని అడగండి. జవాబు రాకపోతే ఆ రోజు లేజర్ ఆన్ చేయకండి.

తల్లిదండ్రులారా, ఈసారి మీ అబ్బాయి, అమ్మాయి బెంగళూరు నుంచో హైదరాబాద్ నుంచో ఫోన్ చేసినప్పుడు, అన్నం తిన్నావా అని అడిగిన నోటితోనే గాగుల్స్ ఇచ్చారా అని కూడా అడగండి. ల్యాబ్ అధిపతులారా, లేజర్ తాళంచెవి మీ దగ్గరుంటుంది. సరైన గాగుల్స్ అందరికీ వచ్చేదాకా ఆ తాళంచెవి ఎవరి చేతికీ ఇవ్వకండి.